ఐవీ లైన్లు, పిక్ లైన్ల మీద పనికొచ్చే సీఎన్‌ఈ ఎక్కడ దొరుకుతుంది?

పొగతోట_స్టాఫ్:

అందరికీ నమస్కారం. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో పనిచేస్తున్నా, జీఎన్‌ఎం చదివిన నర్సుని. రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గరపడింది, సీఎన్‌ఈ (నర్సులు ఉద్యోగంలో ఉండగా చేయాల్సిన శిక్షణ) గంటలు చూసుకుంటే ఇంకా తక్కువే ఉన్నాయి. ఎట్టాగూ చేయక తప్పదు కాబట్టి ఐవీ థెరపీ (నరంలోకి ఫ్లూయిడ్లు, మందులు ఎక్కించడం) మీదే చేద్దామనుకుంటున్నా, డ్యూటీలో సగం పని అదే కదా. కానీ వాట్సాప్‌లో వచ్చే వెబినార్లు ఎట్టా ఉన్నాయో మీకు తెలిసిందే, లింకు తెరిచి ఫోన్ పక్కన పడేసి వంట చేసుకున్నా సాయంత్రానికి సర్టిఫికెట్ వచ్చేస్తుంది.

నా అసలు ఇబ్బంది పిక్ లైన్లు, అంటే పై చేతి నరం నుంచి గుండె దగ్గరి పెద్ద నరం దాకా పోయే పొడవాటి సన్నని పైపులు. చెన్నైలో కీమో కోసం పెట్టించుకుని, మధ్యలో డ్రెస్సింగ్‌కీ ఫ్లషింగ్‌కీ (పైపులోకి సెలైన్ తోసి కడగడానికీ) ఇక్కడికి వస్తున్నారు. మా ఫ్లోర్‌లో ఒకరిద్దరికి తప్ప దాన్ని ముట్టుకోవాలంటేనే టెన్షన్. ఏ కోర్సు నమ్మొచ్చు? ఇంకోటి, ఒక ఏజెన్సీ వాళ్లు అమెరికాలో ఐవీ పని చేసే నర్సులకిచ్చే సీఆర్‌ఎన్‌ఐ సర్టిఫికెట్ పరీక్షకు కోచింగ్ అని డబ్బు కట్టమంటున్నారు. అవసరమా? సీనియర్లు ఎవరైనా చెప్పండి.

ఒంగోలు_ఇన్‌ఛార్జి:

అమ్మాయ్, ముందు గంటల సంగతి తేల్చుకో. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పింది ఐదేళ్లకు 150 గంటలు. రెన్యువల్‌లో పనికొచ్చేది మన రాష్ట్ర కౌన్సిల్ క్రెడిట్ ఇచ్చిన ప్రోగ్రామే, బ్రోచర్ మీద ఆ వివరం లేకపోతే ఎంత పెద్ద పేరున్నవాళ్లు పెట్టినా డబ్బు కట్టబాక.

ఇక మంచి కోర్సు ఏది అంటే, బొమ్మ చెయ్యి మీదైనా సరే నీతో లైన్ పెట్టించి, పక్కన నిలబడి తప్పు పట్టేవాళ్లు ఉన్నారా లేదా అనేదే నేను చూస్తా. స్లైడ్లు చూపించి టీ బిస్కెట్ పెట్టి పంపేదైతే దానికి బస్సు ఛార్జీలు దండగ, చదువుకునేవి ఊరికే దొరుకుతాయి. క్యాన్యులాల (నరంలో ఉంచే సన్నని గొట్టాల) వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్ల మీద డబ్ల్యూహెచ్‌ఓ 2024లో మార్గదర్శకాలు తెచ్చింది, పీడీఎఫ్ ఉచితం. ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ల నివారణ మీద మన ఎన్‌సీడీసీ (కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ) వాళ్లవి 2020లో వచ్చాయి.

కొత్త పిల్లలు వార్డులో చేరితే నేను మొదట చూసేది ప్లాస్టర్. లైన్ పెట్టే ముందే నాలుగు ముక్కలు చించి మంచం రైలింగ్‌కి అంటించి పెట్టుకుంటారు. ఆ రైలింగ్ మీద రోగి, అటెండెంటు, పలకరించడానికి వచ్చిన చుట్టాలు అందరూ చేతులు వేస్తారు, ఆ ముక్కే తెచ్చి సూది గుచ్చిన చోట అంటిస్తారు. తర్వాత టోర్నికే (చేతికి బిగించే పట్టీ) బదులు గ్లోవు కట్టడం, చర్మం తుడిచాక మళ్లీ వేలితో నరం నొక్కి చూడటం, స్పిరిట్ ఆరకముందే గుచ్చడం. క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం, ఆల్కహాల్‌లో కలిపింది ఉంటే 30 సెకన్లు రుద్ది దానంతట అదే ఆరేదాకా ఆగాలి. త్వరగా ఆరుతుందని నోటితో ఊదేవాళ్లని కూడా చూశా, ఏం చెప్పాలి.

మేం చదువుకున్నప్పుడు మూడు రోజులకోసారి లైన్ మార్చాల్సిందే. ఇప్పుడు ఇన్ఫ్యూజన్ నర్సెస్ సొసైటీ స్టాండర్డ్స్‌లో (2024లో తొమ్మిదో కూర్పు వచ్చింది) అట్టా లేదు, బాగున్న లైన్‌ని తేదీ చూసి పీకక్కర్లేదు, అవసరం తీరినప్పుడో తేడా కనబడినప్పుడో తీయాలి. అంటే ప్రతి షిఫ్టులో చెయ్యి చూడాలి, విఐపీ స్కోరు (సూది ఉన్నచోట నరం వాపు ఎంతుందో చెప్పే అంకె) రాయాలి. 1 అయితే కనిపెట్టి ఉండు, 2 వచ్చిందంటే తీసి వేరేచోట పెట్టు. చాలా వార్డుల్లో కేస్‌షీట్‌లో 0, 0, 0 అని మూడు షిఫ్టులకీ ఒకే చేతిరాతతో ఉంటుంది, అది వేరే కథ.

ఐసీయూ_బ్రదర్:

సిస్టర్, సీఆర్‌ఎన్‌ఐకి ఇప్పుడు డబ్బు కట్టొద్దు. అది పరీక్ష ఒక్కటే కాదు, ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సుతో పాటు గత రెండేళ్లలో 1,600 గంటలు ఇన్ఫ్యూజన్ పని చేసినట్టు చూపించాలి, పాసయ్యాక మూడేళ్లకోసారి మళ్లీ రెన్యువల్. అమెరికా వెళ్లే ఆలోచన ఉంటే ముందు ఎన్‌క్లెక్స్ (అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష) సంగతి చూసుకోండి, ఇది అక్కడికి పోయాక. ఇక్కడ మన ఆసుపత్రుల్లో ఆ అక్షరాలు పేరు పక్కన పెట్టుకున్నా జీతంలో రూపాయి పెరగదు.

మందుల భాగం లేని ఐవీ కోర్సు మాత్రం చేయకండి. సూది గుచ్చడం నేర్పి వదిలేస్తారు, అసలు ప్రమాదం బాటిల్‌లో ఉంటుంది. వేలాడుతున్న సెలైన్‌లోకి పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ ఎక్కించి అట్టాగే వదిలేస్తే అది కింద పేరుకుపోయి మొదటి గుక్కలోనే రోగికి పోతుంది. బాటిల్ దించి, కలిపి, నాలుగుసార్లు తిరగేసి, లేబుల్ రాసి అప్పుడు తగిలించాలి. ఫెనిటాయిన్ (ఫిట్స్ మందు) డెక్స్‌ట్రోజ్‌లో కలపకూడదు, ఎన్‌ఎస్‌లోనే (మామూలు సెలైన్‌లోనే). ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ ఫ్లూయిడ్) పోతుండగా అదే లైన్‌లో సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్ ఇవ్వడం నేను మానిపించడానికి తల ప్రాణం తోకకొచ్చింది, ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంటుందని, దాంతో కలిస్తే ఈ మందు పలుకులు కడుతుందని ఎవరికీ గుర్తుండదు. పెద్దవాళ్లకైతే ఆర్‌ఎల్ ఆపి, లైన్ ఫ్లష్ చేసి ఇవ్వొచ్చు, అప్పుడే పుట్టిన పిల్లలకి కాల్షియం ఉన్న ఫ్లూయిడ్ నడుస్తుంటే అసలు ఇవ్వకూడదు.

డయాలసిస్_సిస్టర్:

నేను కనిగిరి వైపు. మా దగ్గర కిడ్నీ కేసులు ఎక్కువ, కారణాల గొడవ ఇక్కడ వద్దు. నా బాధ ఒకటే, మా దగ్గరికి ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ నరాన్నీ కలపడం) కోసం వచ్చేసరికే రోగి ముంజేతి నరాలన్నీ గట్టిపడి తాళ్లలా ఉంటాయి. జ్వరమొచ్చినా నీరసమొచ్చినా సెలైన్ పెట్టించుకోవడం మనవాళ్లకి అలవాటు, మనకేమో మోచేతి దగ్గర లావుగా కనిపించే నరం అంటే ప్రాణం. క్రియాటినిన్ పెరుగుతున్న, అంటే కిడ్నీ దెబ్బతింటున్న మనిషికి ముంజేతిలోనూ మోచేతి మడతలోనూ పెట్టకండి, వీలైతే అరచేతి వెనకే చూడండి, అదీ ఎక్కువ వాడే చేతికి. ఫిస్టులా ఉన్న చేతికి సూదీ వద్దు, బీపీ కఫ్ కూడా వద్దు. పిక్ లైన్ గురించి అడిగారు కదా, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంకె) 45 లోపు ఉన్నవాళ్లకి పిక్ వద్దని 2015లో వచ్చిన మిచిగన్ గైడ్‌లో ఉంది. పెట్టేది మనం కాకపోయినా డాక్టరుగారికి గుర్తు చేయొచ్చు, తప్పేం లేదు. మా యూనిట్‌లో కొందరి చేతి మీద పెన్నుతో "సూది వద్దు" అని రాసి పంపుతాం, స్నానం చేస్తే పోతుందనుకోండి.

పొగతోట_స్టాఫ్:

అందరికీ థాంక్స్. అక్కా, ముంజేయి సంగతి మాకెవరూ చెప్పలేదు, రేపే మా ఫ్లోర్‌లో చెప్తా. సీఆర్‌ఎన్‌ఐ వదిలేశా. ఇన్‌ఛార్జి మేడమ్, ఒక సందేహం, పిక్ లైన్‌కి 5 ఎంఎల్ సిరంజితో ఫ్లష్ చేస్తే ఏమవుతుంది? స్టోర్‌లో 10 ఎంఎల్ అడిగితే ఖర్చు అంటున్నారు.

ఒంగోలు_ఇన్‌ఛార్జి:

సిరంజి చిన్నదయ్యే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, లోపల ఎక్కడైనా అడ్డం ఉంటే పైపు చీలొచ్చు. 10 ఎంఎల్ సిరంజే, కొంచెం తోసి ఆపి, మళ్లీ తోసి ఆపి. అడ్డం తగిలితే బలవంతంగా నెట్టబాక, డాక్టరుకి చెప్పు. ఫ్లష్ చేసే ముందు వెనక్కి లాగి రక్తం వస్తోందో చూడు, హబ్‌ని (లైన్ చివర సిరంజి తగిలించే చోటుని) ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు రుద్ది ఆరనివ్వు. ట్రాన్స్‌పరెంట్ డ్రెస్సింగ్ అయితే ఏడు రోజులకి, గాజుగుడ్డ వేస్తే రెండు రోజులకి మార్చాలి, తడిసినా అంచు లేచినా అప్పుడే. మార్చిన ప్రతిసారీ బయట ఉన్న పైపు పొడవు కొలిచి, చెన్నై వాళ్లు డిశ్చార్జి కాగితంలో రాసిన అంకెతో సరిచూడు. పెరిగిందంటే లైన్ జారినట్టే, మందు ఎక్కించకుండా ఫోన్ చెయ్. ఆ కాగితం తేనివాళ్లని కాస్త గట్టిగానే అడుగు.

స్టోర్‌వాళ్లకి నోటితో చెప్తే పని జరగదు, ఇండెంట్‌లో (స్టోర్‌కి సామాను కోరుతూ రాసే కాగితంలో) "పిక్ లైన్ రోగులకు" అని కారణం రాసి నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకంతో పంపు. ఇంకోటి, కోర్సు దొరికేదాకా కూర్చోవద్దు, మీ ఫ్లోర్‌లో పిక్ లైన్ తెలిసిన ఆ ఒకరిద్దరి డ్యూటీ ఎప్పుడో చూసుకుని డ్రెస్సింగ్‌లు ఆ షిఫ్టుకే పెట్టించు, పక్కన నిలబడి చూడు, తర్వాత వాళ్లు చూస్తుండగా నువ్వు చెయ్.

ఐసీయూ_బ్రదర్:

కోర్సువాళ్లు ఎలాంటోళ్లో తెలియాలంటే ఫోన్‌లోనే ఒకటి అడగండి సిస్టర్, లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో పోవాలి, ఎంఎల్‌కి 20 చుక్కల సెట్, నిమిషానికి ఎన్ని చుక్కలు అని. 42 దగ్గర చెప్పాలి. "ఆ విషయాలు ఫీజు కట్టాక" అన్నారంటే పెట్టేయండి.