పోటీ వాళ్ళ సైట్లో ఏం చూడాలి? (మారతహళ్ళి లేడీస్ పీజీ)

పీజీ_మారతహళ్ళి: బెంగళూరు మారతహళ్ళిలో మాది లేడీస్ పీజీ అండి. గూగుల్‌లో కొడితే పక్క వీధి వాళ్ళు పైనొస్తున్నారు, మేము రెండో పేజీలో. వాళ్ళ సైట్లో ఏం చూడాలి, పోటీ సైట్లని చూసిపెట్టే టూల్స్ కొనాలా ఫ్రీవి చాలా? కన్నడ పేజీ పెడితే లాభమా?

సిల్క్‌బోర్డ్_శీను: టూల్స్ అప్పుడే వద్దండి. ఇన్‌కాగ్నిటోలో కొట్టి చూడండి, పైనున్నవి సగం పెద్ద లిస్టింగ్ సైట్లే, వాటితో మనం తూగలేం, మీలాంటి పీజీ వాళ్ళని పట్టుకోండి. మా క్లయింటుకి పోటీ పీజీ పేజీ తెరిస్తే టూ షేరింగ్ ఎంత, త్రీ షేరింగ్ ఎంత, అడ్వాన్స్‌లో మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారు, ఆదివారం చికెన్ ఉందా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు అన్నీ ఉన్నాయి. మావాళ్ళ పేజీలో హోమ్లీ ఫుడ్, వైఫై అంతే. ఇంకేం ర్యాంకొస్తుంది?

కోడ్‌కింగ్_కేఆర్‌పురం: ఇంత అక్కర్లేదు, వ్యూ సోర్స్ కొట్టి (పేజీ కోడ్ తెరిచి) వాళ్ళ మెటా కీవర్డ్స్, అంటే కోడ్‌లో కనపడకుండా రాసే సెర్చ్ పదాలు, ఎత్తి మీదాంట్లో పెట్టేయండి. నేనలాగే చేస్తా.

ఎస్‌ఈఓ_పాతకాపు: కొత్తవాళ్ళకి ఇలాంటివి చెప్పొద్దు బ్రదర్. మెటా కీవర్డ్స్ ర్యాంకింగ్‌కి వాడట్లేదని గూగుల్ వాళ్ళే 2009లో చెప్పేశారు. 2011లో పాండా, 2012లో పెంగ్విన్ అని గూగుల్ ర్యాంకింగ్ పద్ధతి మార్చినప్పుడు రెండింటిలోనూ క్లయింట్ల సైట్లు నిలబెట్టినోణ్ణి, తెలిసే చెప్తున్నా. చూడాల్సింది టైటిల్, హెడింగులు, ఏ పేజీ నుంచి ఏ పేజీకి లింకిచ్చారు అనేది.

కోడ్‌కింగ్_కేఆర్‌పురం: నిలబెడితే నిలబెట్టావ్, మర్యాదగా మాట్లాడు. అవి పెట్టాకే నా సైట్ పైకొచ్చింది.

ఎస్‌ఈఓ_పాతకాపు: అప్పుడే టైటిల్స్ కూడా మార్చావా లేదా?

కోడ్‌కింగ్_కేఆర్‌పురం: మార్చా, అయితే?

ఎస్‌ఈఓ_పాతకాపు: మరి మెటా వల్లేనని ఎలా అంటావ్!

బొటిక్_హెచ్ఎస్ఆర్: మీ గొడవ తర్వాత, లింకుల సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి? ఒక ఏజెన్సీ వాళ్ళు పోటీ షాపుకున్న బ్యాక్‌లింకులన్నీ (వేరే సైట్ల నుంచి వచ్చే లింకులు) మాకూ తెస్తామని డబ్బు తీసుకుని, ఎవరూ చదవని బ్లాగుల్లో మా చీరల లింకులు పెట్టి, డీఏ (డొమైన్ అథారిటీ అనే మార్కు) పెరిగింది చూడండి మేడమ్ అని రిపోర్టు పంపారు. ఒక్క ఎంక్వయిరీ రాలేదు. డీఏ అనేది మోజ్ అనే టూల్స్ కంపెనీ లెక్క, గూగుల్‌ది కాదు, దాన్ని చూసి డబ్బులివ్వకండి.

బీటీఎం_బాబాయ్: పీజీకి సైట్ కన్నా గూగుల్ మ్యాప్ ముఖ్యం తల్లీ. అక్కడ గూగుల్ చూసేది వెతికినదానికి మనం సరిపోతామా, ఎంత దూరం, ఎంత పేరుంది అనే. దూరం మన చేతిలో లేదు, ఫొటోలూ రివ్యూలూ చూసుకోండి. మా పక్క మెస్ వాడు మ్యాప్‌లో పేరులోనే బెస్ట్ ఆంధ్రా మెస్ ఇన్ బీటీఎం అని ఇరికించాడు, బోర్డు మీద లేని పేరు పెట్టడం రూల్స్‌కి విరుద్ధం, మ్యాప్‌లో సజెస్ట్ ఎన్ ఎడిట్ (తప్పు సరిచేయమనే బటన్) కొట్టా, ఆ పేరు పోయింది.

కోడ్‌కింగ్_కేఆర్‌పురం: సాటి తెలుగోడి పొట్ట కొట్టావా బాబాయ్?

బీటీఎం_బాబాయ్: వాడు తెలుగోడని ఎవడు చెప్పాడు నీకు? రూల్ అందరికీ ఒకటే. నేను నా బోర్డు మీదున్న పేరుతోనే నెగ్గుకొస్తున్నా.

పీజీ_మారతహళ్ళి: శీను గారూ, చూశా. వాళ్ళు ఒక్కో టెక్ పార్కుకి ఒక్కో పేజీ పెట్టారు, పార్కు పేరు తప్ప మేటరంతా ఒకటే. మేమూ అలా చేద్దామా?

సిల్క్‌బోర్డ్_శీను: వద్దండి, అలాంటివాటిని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది, స్పామ్ పాలసీలోనే ఉంది. మీ గేటు నుంచి ఏ పార్కుకి నడకెంత, బస్సు ఎక్కడ దొరుకుతుందో ఒక్క పేజీలో సరిగ్గా రాయండి చాలు.

పీజీ_మారతహళ్ళి: సరే అండి. కన్నడ పేజీ గురించి ఎవరైనా చెప్పండి ప్లీజ్.

బొటిక్_హెచ్ఎస్ఆర్: బాబాయ్, ఆ ఎడిట్ ఎన్నాళ్ళకి అప్రూవ్ అయింది? మా రోడ్డులోనూ ఒకళ్ళు అలాగే పెట్టారు.