ఫుకుఓకాలో ల్యాబ్ ఉద్యోగం: ఎన్3తో దొరుకుతుందా?

నమస్కారం. నా భార్య జపనీయురాలు, పుట్టిల్లు ఫుకుఓకా. అత్తగారి ఆరోగ్యం బాగుండడం లేదు కాబట్టి వచ్చే వేసవికి హైదరాబాద్ వదిలి అక్కడికే వెళ్లిపోవాలనుకుంటున్నాం. నేను మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో ఉన్నాను. రోజంతా, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంతోనే పని. జపనీస్ భాషా పరీక్షలో మధ్య స్థాయి అయిన ఎన్3 పాసయ్యాను. మాట్లాడగలను గానీ, కంజీలతో (చైనా నుంచి వచ్చిన లిపి అక్షరాలతో) నిండిన నివేదిక ఎదురైతే చెమటలు పడతాయి.

జీవిత భాగస్వామి వీసా మీద ఏ ఉద్యోగమైనా చేయవచ్చని, కంపెనీ స్పాన్సర్ చేయనక్కర్లేదని తెలుసు. చిక్కల్లా ఆ సంగతి కంపెనీల చెవిన వేయడమే! ఇక్కడి నుంచి పంపిన దరఖాస్తులకు చాలావరకు జవాబే లేదు. రిరెకిషోలో (జపాన్ పద్ధతి బయోడేటాలో) వీసా వివరం ఎక్కడ రాస్తే వాళ్ల కంట పడుతుంది? వెళ్లాక ప్రభుత్వ ఉపాధి కార్యాలయమైన హలో వర్క్‌లో నమోదు చేసుకోవడం మేలా, తాత్కాలిక సిబ్బందిని పంపే హకెన్ ఏజెన్సీ ద్వారా ముందు ఏదో ఒక ల్యాబ్‌లో చేరడం మేలా? పై స్థాయి ఎన్2 వచ్చాకే వెతకమని మా ఆవిడ అంటుంది. పరీక్ష జూలై, డిసెంబరు నెలల్లోనే. అన్నాళ్లు ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాదు.

ఐటీ వాళ్ల అనుభవాలు బోలెడు చదివాను. ల్యాబ్ పనిలో ఉన్నవారు, ముఖ్యంగా ఫుకుఓకా ఉన్న క్యూషూ దీవి వైపు ఉన్నవారు, దయచేసి చెప్పండి.