సైట్ పడిపోతే ముందు బాగు చేయాలా, ముందు చెప్పాలా?

వెన్నెలదారి:
మా అభిమానుల సైట్ పోయిన వారం మూడు రోజులు తెరుచుకోలేదు. నడిపేవాళ్ల నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. "వాళ్లను పని చేసుకోనివ్వండి, బాగయ్యాక వాళ్లే చెబుతారు" అని సగం మంది, "ఒక్క ముక్క చెప్పడానికి ఏమైంది" అని సగం మంది. నాది రెండో పక్షం.

ఆ రాత్రి నా కథలో పదకొండో భాగం, అదే చివరిది, నేరుగా సైట్‌లోనే టైప్ చేశాను. పోస్ట్ నొక్కగానే తెల్ల పేజీ, దాని మీద సర్వర్ జవాబివ్వడం లేదనే 502 ఎర్రర్. వెనక్కి వెళ్తే అంతా ఖాళీ. ఆ భాగం మళ్లీ రాసుకోగలను. మిగతా పదింటి సంగతేమిటి? ఆరేళ్లుగా వాటి కింద పాఠకులు రాసిన మాటలున్నాయి. ఇప్పుడు మన మధ్య లేని ఒక స్నేహితురాలు రాసినవీ అందులోనే ఉన్నాయి. సైట్ ఎప్పుడొచ్చినా సరే, "డేటా భద్రంగా ఉంది" అన్న మూడు మాటలు చెవిన పడితే చాలనిపించింది.

నిశాచరి:
మీ బాధ అర్థమైందండి. కానీ నేను అవతలి వైపు కూర్చున్నవాణ్ని. వేరే సైట్‌ను నలుగురం జీతం లేకుండా నడిపేవాళ్లం. ఒకసారి డిస్క్ నిండిపోయి డేటాబేస్ ఆగిపోయింది. రాత్రి రెండింటికి లేచి చూస్తే ఫోన్‌లో 130 మెసేజ్‌లు. "విరాళాలు తినేసి పారిపోయారా?" అన్నది అన్నిటికంటే పైన ఉంది. చేతులు వణికాయి. ఆ చేతులతోనే, ఒక్క అక్షరం తప్పితే అంతా పోయే చోట కమాండ్లు కొట్టాలి. మీరడిగే మూడు మాటలు నిజమో కాదో ఆ సమయానికి నాకే తెలియదు. ఉందని చెప్పి, తీరా పోయిందని తేలితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

అక్షరపక్షి:
తెలియనప్పుడు తెలియదనే చెప్పొచ్చు కదండీ. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్‌లోని డేటాబేస్‌నే చెరిపేశారు. సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నా ఏదీ సరిగ్గా పని చేయడం లేదని అప్పుడే బయటపడింది. చివరికి అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి దొరికింది. ఈలోగా వాళ్లు తాము రాసుకుంటున్న నోట్స్‌ను అందరూ చదివేలా తెరిచి పెట్టారు. బాగు చేసే పనిని యూట్యూబ్‌లో లైవ్ చూపించారు. ఆ రోజు "హగ్‌ఆప్స్" (సర్వర్లు నడిపేవాళ్లకు ఒక కౌగిలి) అనే హ్యాష్‌ట్యాగ్‌తో వాళ్లకు ధైర్యం చెప్పినవాళ్లు ఎందరో.

నిశాచరి:
అది జీతాలిచ్చే కంపెనీ. నలుగురు వాలంటీర్లకు లైవ్ పెట్టే తీరిక ఎక్కడిది?

రేవతీనక్షత్రం:
సరే, వాలంటీర్లే నడిపే సైట్ సంగతి చెబుతాను. అభిమానులు రాసిన కథలు దాచే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్. 2023 జులై 10న దాని మీద డీడాస్ దాడి జరిగింది, అంటే తట్టుకోలేనంత దొంగ ట్రాఫిక్‌తో సర్వర్లను ముంచేయడం. సైట్ ఒక రోజుకు పైగా అవస్థ పడింది. జరిగింది దాడి అని వాళ్లు ట్విట్టర్‌లో, టంబ్లర్‌లో చెబుతూ వచ్చారు. దాడి మాదేనన్న గుంపు చెప్పే కారణాలను నమ్మొద్దనీ హెచ్చరించారు. నా దృష్టిలో ఈ రెండోదే గొప్ప పని. ఖాళీ వదిలితే పుకార్లు నిండుతాయి, ఎవరో ఒకరిని ద్వేషించడానికి జనం సిద్ధంగా ఉంటారు.

ఇంకొకటి. ఆ కబురు పెట్టే చోటు వేరే సర్వర్ మీద ఉండాలి. 2017 ఫిబ్రవరి 28న ఎన్నో సైట్లు తమ ఫైళ్లు దాచుకునే అమెజాన్ ఎస్‌త్రీ సేవ పడిపోతే, ఏది నడుస్తోందో ఏది లేదో చూపే వాళ్ల స్టేటస్ పేజీ కూడా దాని మీదే ఆధారపడి ఉండటంతో కాసేపు అసలు పరిస్థితిని చూపించలేకపోయింది.

నిశాచరి:
వేరే చోట పేజీ ఉండాలన్నది ఒప్పుకుంటున్నా, అది పెట్టుకోకపోవడం మా తప్పే. కానీ గంటగంటకూ చెప్పమంటే నా వల్ల కాదు. బాగు చేసేవాడి చేత మాట్లాడించకండి. ఆ పని ఇంకొకరు తీసుకోవాలి. సర్వర్ గురించి ఏమీ తెలియకపోయినా ఫర్వాలేదు, నన్ను అడిగి, నేను చెప్పింది నలుగురికీ అర్థమయ్యేలా రాస్తే చాలు. ఆ రాత్రి అలాంటి మనిషి ఒక్కరున్నా ఆ 130 మెసేజ్‌లు నేను చూసేవాణ్ని కాదు.

వెన్నెలదారి:
నిశాచరి గారూ, మీరు చెప్పిన ఆ విరాళాల మెసేజ్ చదివి చాలాసేపు ఆగిపోయాను. మూడో రోజు రాత్రి మావాళ్లకు నేనూ దాదాపు అలాంటిదే పంపాను. అవతల ఎవరి చేతులు వణుకుతున్నాయో ఆలోచించలేదు. ఇప్పుడే క్షమాపణ రాశాను. ఇకమీదట ఇలా జరిగితే సభ్యులకు కబురు పెట్టే పని నేను చూసుకుంటానని కూడా చెప్పాను. జవాబు ఇంకా రాలేదు. వాళ్లు చెప్పాల్సిందన్న మాట మీద మాత్రం ఇప్పటికీ ఉన్నాను.