స్లావా, లూచ్ (పాత సోవియట్ క్వార్ట్జ్ వాచీలు) ఆగిపోతే తప్పు సర్క్యూట్‌దా, చక్రాలదా?

టిక్‌టిక్:
మాస్కో రెండో వాచ్ ఫ్యాక్టరీ స్లావా 3056ఏ గానీ, మిన్స్క్ లూచ్ 2350 గానీ ఆగిందంటే చాలు, "రష్యా సర్క్యూట్ అంతే, జపాన్ మిషన్ (వాచీ లోపలి యంత్రం) వేసేయ్" అంటారు. నేనొప్పుకోను. సెల్లు కొత్తది వేశాక సెకన్ల ముల్లు ఉన్నచోటే వణుకుతోందంటే కంపించే క్వార్ట్జ్ క్రిస్టల్, దాన్ని లెక్కపెట్టే చిప్ ఐసీ, మోటారు తీగచుట్ట కాయిల్ మూడూ పనిచేస్తున్నట్టే. క్రిస్టల్ కొట్టుకునే 32768 హెర్ట్జ్‌ని 15 సార్లు సగం చేస్తేనే కదా సెకనుకో పల్స్ వచ్చేది! అడ్డం పడుతున్నది ఎండిపోయిన నూనె, లేదా రోటర్ (మోటారులో తిరిగే భాగం) అయస్కాంతానికి అంటుకున్న ఇనుప రజను.

మైక్రోఆంప్:
వణికే కేసు వరకు సరే. అసలు కదలని వాటి సంగతేంటి? కాయిల్ విప్పి మీటర్ పెట్టండి. కిలో ఓమ్‌లలో చూపిస్తే బతికున్నట్టు, ఏమీ చూపించకపోతే తీగ తెగినట్టు. వెంట్రుక కన్నా సన్నటి తీగ, సాధారణంగా టంకం పెట్టిన కొస దగ్గరే తెగుతుంది. కారిన సెల్లు రసం ముందు తినేదీ దాన్నే. ఇక కరెంటు ఖర్చు చూడండి: 40 ఎంఏహెచ్ సెల్లు 2 మైక్రోఆంప్‌ల మీద రెండేళ్ల పైన వస్తుంది, 5 తాగితే 11 నెలలే. తాగుడు సర్క్యూట్‌దే కదా?

టిక్‌టిక్:
కొలిచి చెప్పండి సార్. సెల్లుతో వరుసగా మైక్రోఆంప్ మీటర్ పెట్టి, కాయిల్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి సగటు చూడండి. తేడా ఎంతుంటే అంత మోటారు వాటా. తీసినా తగ్గకపోతే మీ మాటే నిజం: ఐసీ, లేదా బోర్డు మీద పచ్చటి తుప్పు. ఇంకోటి, ఆల్కలైన్ సెల్లు వేయొద్దు. సిల్వర్ ఆక్సైడ్ 1.55 వోల్టులు దాదాపు చివరిదాకా నిలుపుతుంది, ఆల్కలైన్ మెల్లగా జారిపోతుంది. జిడ్డు చక్రాలున్న మిషన్‌కి ఆ జారుడు చాలు, అడుగులు తప్పుతుంది.

పెండ్యులం:
ఇద్దరూ ఫ్యాక్టరీ పుట్టుపూర్వోత్తరాలు వదిలేశారు. ఇదే రెండో ఫ్యాక్టరీ 1960లలో 360 హెర్ట్జ్ శ్రుతిదండం, అంటే ట్యూనింగ్ ఫోర్క్‌తో "స్లావా ట్రాన్సిస్టర్" చేసింది, అమెరికా అక్యుట్రాన్ వాచీ బాటలో. మెకానికల్ వాచీలు చేసిన చేతులే క్వార్ట్జ్‌కీ వచ్చాయి. స్క్రూలు విప్పి కడిగి నూనె వేసుకునే మిషన్ కట్టారు. అది ఇప్పుడు మనకి వరం, అప్పుడు ఫ్యాక్టరీకి ఖర్చు. జపాన్ వాళ్లు విప్పే పనే లేకుండా చౌక చేసుకుపోయారు.

మైక్రోఆంప్:
టైము తప్పడం కూడా చక్రాల మీదే తోస్తారా?

పెండ్యులం:
లేదు, అది క్రిస్టల్. 25 డిగ్రీలకి అటు పోయినా ఇటు పోయినా వెనకబడుతుంది. సున్నా డిగ్రీల్లో పెడితే రోజుకు సుమారు 2 సెకన్లు. ట్రిమ్మర్ (వేగం సరిచేసే చిన్న స్క్రూ) తిప్పేముందు వాచీ చేతికి పెట్టుకుని వారం చూడండి. బల్ల మీద సరిచేసింది చేతి మీద మారుతుంది.

టిక్‌టిక్:
జపాన్ మిషన్ వేసేవాళ్లకి ఒక మాట: సోవియట్ నంబర్లలో మొదటి రెండంకెలు మిల్లీమీటర్లలో వ్యాసం. 3056 అంటే 30. చిన్న మిషన్ తెస్తే కేసులో రింగు కావాలి, డయల్ కాళ్లు కలవవు, ముళ్ల రంధ్రాలు సరిపోవు. అదంతా కోసి అతికించే టైములో పాతదాన్ని రెండుసార్లు కడగొచ్చు. కాయిల్ తెగితే మాత్రం అలాంటిదే ఇంకో పాత మిషన్ వెతికి అందులోది తీయండి.