రిఫరీ కంటపడని తప్పుకు మ్యాచ్ ముగిశాక శిక్ష వేయాలా?

సెంటర్‌బ్యాక్:
1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. స్పెయిన్‌పై ఇటలీ 2–1 ఆధిక్యంలో ఉంది, ఆట అదనపు నిమిషాల్లోకి వెళ్లింది. ఇటలీ పెనాల్టీ ప్రాంతంలో ఆ జట్టు ఆటగాడు టస్సోట్టి మోచేత్తో స్పెయిన్ ఆటగాడు లూయిస్ ఎన్రికే ముఖం మీద కొట్టాడు. ముక్కు విరిగి నెత్తురు కారుతుంటే అతడు ఏడుస్తూ, అరుస్తూ మొర పెట్టుకున్నాడు. రిఫరీ చూడలేదు. పెనాల్టీ ఇవ్వలేదు, కార్డు చూపలేదు. స్పెయిన్ ఇంటిదారి పట్టింది. తర్వాత వీడియో ఆధారంగా ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా టస్సోట్టిపై ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం విధించింది.

నా దృష్టిలో అది నూటికి నూరుపాళ్లు సరైన పని. రిఫరీ మాటే తుది తీర్పు అన్న నియమాన్ని నేనూ గౌరవిస్తాను. కానీ ఆయన చూడని దాని మీద తీర్పే లేదు కదా. లేని తీర్పును తిరగదోడటం ఎలా అవుతుంది?

తుదివిజిల్:
మీ ఆవేదన అర్థమైంది, వాదనతో మాత్రం ఏకీభవించలేను. శిక్షలన్నీ ఒకే కొలతతో పడుతున్నాయా? 1982 సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ ఎగిరి ఢీకొడితే ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ స్పృహ తప్పాడు, పళ్లు ఊడిపోయాయి. ఫౌల్ ఇవ్వలేదు, తర్వాతా ఏ శిక్షా లేదు. 2009లో ఐర్లాండ్‌పై ఫ్రాన్స్ ఆటగాడు థియరీ ఆన్రీ చేత్తో బంతిని ఆపి గోల్‌కు అందించాడు. ఫ్రాన్స్ ప్రపంచకప్‌కు వెళ్లింది. దాని మీద చర్య తీసుకునే అధికారం తమ నిబంధనల్లో లేదని ఫిఫా తేల్చేసింది. ఏది తీవ్రమైన తప్పో, ఏది కాదో గదిలో కూర్చున్న సంఘం తేలుస్తుంది. పైగా కెమెరాలు ఇరవై ఉన్న మ్యాచ్‌లో దొరికే తప్పు, ఒక్క కెమెరా ఉన్న మ్యాచ్‌లో దొరకదు. పెద్ద ఆటగాడు దొరికితే వారం రోజుల రచ్చ, ఊరూపేరూ లేనివాడైతే ఎవరికీ పట్టదు. దీన్ని న్యాయం అనగలమా?

సెంటర్‌బ్యాక్:
ఒక దొంగ తప్పించుకున్నాడని రెండోవాణ్ణి వదిలేయమంటారా? షూమాకర్‌ను శిక్షించకపోవడమే తప్పు. టస్సోట్టిని శిక్షించడం కాదు.

నన్ను బాధించే లోపం మరొకటి ఉంది. చాలా ఏళ్లు ఇంగ్లండ్‌లో పద్ధతి ఇది: రిఫరీ చూసి ఏదో ఒక చర్య తీసుకుంటే ఇక ఆ ఘటన జోలికి పోరు. 2006లో మాంచెస్టర్ సిటీ ఆటగాడు బెన్ థాచర్ పోర్ట్స్‌మౌత్ ఆటగాడు పెడ్రో మెండిస్‌ను పరుగున వచ్చి మోచేత్తో కొట్టాడు. మెండిస్ మైదానంలోనే స్పృహ కోల్పోయాడు, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. రిఫరీ చూపింది హెచ్చరికగా ఇచ్చే పసుపుకార్డు మాత్రమే. పద్ధతి ప్రకారమైతే ఆ పసుపుకార్డే థాచర్‌కు కవచం. అసలేమీ చూపకపోయి ఉంటే శిక్షించడం తేలికయ్యేది! చివరికి ప్రత్యేక సందర్భంగా పరిగణించి ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం వేశారు. రిఫరీ సగం చూస్తే ఆటగాడు బతికిపోవడం, అసలు చూడకపోతే దొరికిపోవడం ఏ లెక్కన సబబు?

పాతవిజిల్:
కింది స్థాయి మ్యాచ్‌లకు చాలాకాలం రిఫరీగా చేశాను. ‘చూశారా’ అన్న ప్రశ్న వినడానికి తేలిక, జవాబే కష్టం. కార్నర్ కిక్ వచ్చినప్పుడు కళ్లు బంతి మీద, బంతి దిగే చోట ఉంటాయి. ఇద్దరు కలబడటం కనిపిస్తుంది, మధ్యలో ఆ చేయి ఏం చేసిందో కనిపించదు. నివేదికలో చూశానని రాయాలా, చూడలేదని రాయాలా? నిజాయతీగా రెండూ రాయవచ్చు. అలాంటి జవాబు మీద ఒకరి ఎనిమిది మ్యాచ్‌లు ఆధారపడకూడదు. ఘటన ఎంత ప్రమాదకరమన్నదే ప్రమాణం కావాలి.

వీడియో రిఫరీలు వచ్చాక ఈ చిక్కు తీరుతుందనుకున్నారు. చాలావరకు తీరింది కూడా. కొట్టడం, కొరకడం, ఉమ్మడం వంటివైతే ఆట మళ్లీ మొదలైన తర్వాత కూడా వెనక్కి వెళ్లి చూడవచ్చు. కానీ ఆ వీడియో రిఫరీలు చూసి వదిలేస్తే ఇప్పుడు ‘చూడలేదు’ అనే మాటకే చోటుండదు. థాచర్ కవచం ఇంకా మందమైంది.

తుదివిజిల్:
హింస సంగతి ఒప్పుకుంటాను. మరి ఫౌల్ జరిగినట్టు పడిపోయే నటన? 2009లో సెల్టిక్‌పై పడిపోయి పెనాల్టీ తెచ్చిన ఆర్సెనల్ ఆటగాడు ఎడ్వార్డోకు యూరప్ సమాఖ్య రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది. రిఫరీ మోసపోయాడని నిరూపణ కాలేదంటూ అప్పీలులో కొట్టేశారు. ఉద్దేశాన్ని వీడియోలో ఎలా చదువుతారు?

ఎడమకాలు:
2017లో ఇంగ్లండ్ అందుకు వేరే నియమమే తెచ్చింది. ముగ్గురు సభ్యులు విడివిడిగా వీడియో చూడాలి, ముగ్గురూ ఒకే మాట చెబితేనే అభియోగం. క్రిస్టల్ ప్యాలెస్‌పై పడిపోయి పెనాల్టీ తెచ్చిన ఎవర్టన్ ఆటగాడు నియాస్‌కు అలాగే రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. కానీ క్రిస్టల్ ప్యాలెస్‌కు దక్కిందేమిటి? ఆ పెనాల్టీ గోల్ అలాగే నిలిచింది, మ్యాచ్ 2–2గానే మిగిలింది. నిషేధం వల్ల మేలు జరిగితే ఎవర్టన్‌తో తర్వాత ఆడిన జట్లకే. 2013లో చెల్సీ ఆటగాణ్ణి కొరికిన లివర్‌పూల్ ఆటగాడు సువారెజ్ కూడా అదే మ్యాచ్ ఆఖర్లో గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. పది మ్యాచ్‌ల నిషేధం చెల్సీకి ఆ పాయింట్లు తిరిగి తేలేదు.

సెంటర్‌బ్యాక్:
నిజమే, దానికి నా దగ్గర పూర్తి మందు లేదు. ఫలితాన్ని మార్చమని నేను అడగను. అది మొదలుపెడితే ఏ మ్యాచూ ముగియదు. నష్టపోయిన జట్టుతో ఆడే తర్వాతి మ్యాచ్‌ను మాత్రం నిషేధంలో తప్పనిసరిగా కలపాలి. ఆలోగా ఆటగాడు క్లబ్బు మారినా, ఆ జట్టు ఎదురైనప్పుడు ఆడకూడదు. నటన విషయంలో ముగ్గురి ఏకాభిప్రాయం ఉండాల్సిందే. మోచేతికి, పంటికి మాత్రం రిఫరీ చూశాడా లేదా అని అడగడం మానేయాలి.

తుదివిజిల్:
ఆ తర్వాతి మ్యాచ్ ఫైనల్ అయితే?

సెంటర్‌బ్యాక్:
అయినా సరే. లూయిస్ ఎన్రికే ముక్కు విరిగింది కూడా ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లోనే.