సెకను దగ్గర రెండు ప్రమాణాల లెక్క ఎందుకు తిరగబడుతోంది?

33 కేవీ సబ్‌స్టేషన్ ఎర్తింగ్ లెక్కలో మూడు రోజులుగా ఒక్కచోటే ఆగిపోయాను. గుండె లయ తప్పించే కరెంటును మనుషుల మీద పరీక్షించలేరు కదా, అందుకే ఐట్రిపుల్ఈ 80 (సబ్‌స్టేషన్ ఎర్తింగ్ ప్రమాణం), ఐఈసీ 60479 (శరీరంపై కరెంటు ప్రభావాల ప్రమాణం) రెండూ కుక్కల్లాంటి జంతువుల ప్రయోగాల మీదే ఆధారపడ్డాయి.

50 కిలోల మనిషి తట్టుకోగల కరెంటు ఐట్రిపుల్ఈ 0.116/√t సూత్రంతో (t అంటే షాక్ తగిలే సమయం, సెకన్లలో) 0.5 సెకన్లకు 164 మిల్లీ ఆంపియర్లు, 1 సెకనుకు 116 వచ్చాయి. ఐఈసీ సి2 గీత మీద అవి సుమారు 200, 80! సి2 అంటే గుండె లయ తప్పే ప్రమాదం 5 శాతం ఉండే గీత, ఐట్రిపుల్ఈది 0.5 శాతమే. మరి సెకను దగ్గర సి2 తక్కువెలా ఉంటుంది?

50 హెర్ట్జ్, ఆర్ఎంఎస్ (ఏసీ కరెంటు ప్రభావ విలువ), ఎడమచేయి నుంచి పాదాలకు దారి, అన్నీ సరిచూశాను. 70 కిలోల సూత్రం (0.157) పెడితే సెకను దగ్గర తేడా ఇంకా పెరిగింది.

జంతువుల ఫలితాలను మనిషికి మార్చేటప్పుడు ఐఈసీ గుండె కొట్టుకునే వ్యవధిని లెక్కలోకి తీసుకోవడమే దీనికి కారణమా?