పాపం దేవుడికి ఒప్పుకుంటే చాలదా, మనిషికీ చెప్పాలా?

గోధుమగింజ:
అందరికీ వందనాలు. మన పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని 1 యోహాను 1:9. ‘మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి’ అని యాకోబు 5:16. ఫోన్‌లో చెడ్డ వీడియోలు మానలేక, ప్రతి ఉపవాస ప్రార్థనలో ఏడ్చి, వారం తిరక్కుండానే మళ్ళీ పడిపోయే యువకుడికి ఏది చెప్పాలి?

బెరయవాడు:
మొదటిదే. ‘నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను’ అని దేవుడితో అన్నాడు దావీదు రాజు (కీర్తన 51:4). 1215లో కతోలిక సంఘం నాల్గవ లాటరన్ మహాసభ ఏడాదికోసారైనా గురువు (ఫాదర్) దగ్గర పాపసంకీర్తనం, అంటే పాపాలు చెప్పుకోవడం, తప్పనిసరి చేసింది. ప్రొటెస్టెంట్ సంస్కరణ ఆ బలవంతాన్ని కాదంది. మళ్ళీ అక్కడికే వెళ్దామా? పైగా శుక్రవారం కూటంలో చెప్పింది ఆదివారానికి ఊరంతా పాకుతుంది.

ఎమ్మాయు దారి:
బ్రదర్, 51వ కీర్తన పైనున్న మాట చూడండి. నాతాను ప్రవక్త వచ్చి దావీదును ఆ పాపం గురించి నిలదీశాక రాసింది, ప్రధానగాయకుడి చేతికిచ్చింది. దావీదు దాచుకోలేదు. క్షమించేది దేవుడే, అందులో సందేహం లేదు. యాకోబు చెప్పేది స్వస్థత గురించి. ఏడ్చాక మనసు తేలికవుతుంది, కుర్రాడు ఆ తేలికనే విడుదల అనుకుంటాడు. ఫోన్ మాత్రం తలగడ పక్కనే ఉంటుంది.

పెద్ద కూటంలో చెప్పించడం తప్పే. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738 డిసెంబరు 25న బ్యాండ్లకు (మగవాళ్ళు వేరు, ఆడవాళ్ళు వేరుగా కలిసే చిన్న గుంపులకు) రాసిన నియమాలకు ఈ యాకోబు వాక్యమే ఆధారం: వారానికొకసారైనా కలవాలి, చెప్పిన గంటకే మొదలవ్వాలి. ప్రశ్నలూ సూటిగా ఉండేవి. పోయిన కూటం తర్వాత తెలిసి చేసిన పాపమేది? ఏ శోధన ఎదురైంది? ఎలా తప్పించుకున్నావు?

బెరయవాడు:
నాతాను సంగతి ఒప్పుకుంటాను. కానీ చాలామంది ‘నా బలహీనత కోసం ప్రార్థించండి’ అని ఆగిపోతారు. ఇంకొందరు వినేవాడికే శోధన పుట్టేంత వివరంగా చెప్తారు.

ఎమ్మాయు దారి:
పాపాన్ని పేరు పెట్టి చెప్పాలి, వర్ణించకూడదు. ‘మంగళవారం రాత్రి పదకొండున్నరకి, రెండుసార్లు’ అంటే చాలు. వినేవాళ్ళు ఒకరో ఇద్దరో, విశ్వాసంలో నిలకడైనవాళ్ళు ఉండాలి. అతని ఉద్యోగమో పెళ్ళి సంబంధమో చేతిలో ఉన్నవాడు మాత్రం వద్దు, ఆ భయంతో సగమే చెప్తాడు. విన్న వెంటనే ప్రార్థన చేయాలి, తర్వాత ఒకే ఒక్క మార్పు పెట్టాలి: రాత్రి పదికల్లా ఫోన్ హాల్లో చార్జింగ్‌కి. ఊడ్చిన ఇల్లు ఖాళీగా వదిలితే ఏడు దయ్యాలు తోడొస్తాయి (మత్తయి 12:44-45), కాబట్టి ఆ గంటలో సువార్త ఒక అధ్యాయం గట్టిగా చదవాలి. మళ్ళీ పడితే వచ్చే వారం దాకా ఆగకుండా తెల్లారేసరికి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే దాచడం మళ్ళీ అలవాటవుతుంది.

దీపస్తంభం:
ఒక మాట. డబ్బు కాజేసినవాడికి ఒప్పుకోలు ఒక్కటే చాలదు, సువార్తలోని సుంకరి జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. పసిపిల్లల మీద అఘాయిత్యమైతే గుట్టుగా ఉంచే హక్కు ఎవరికీ లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. వినేవాడు ఈ సంగతి మొదటి రోజే చెప్పేయాలి.

బెరయవాడు:
దీనికి అభ్యంతరం లేదు. అయితే ఆ ఇద్దరి ఓదార్పునే క్షమాపణగా తీసుకునే ప్రమాదం ఉంది. లేచే ముందు ప్రతిసారీ 1 యోహాను 1:9 అతని చేతే చదివించండి.